స్తంభం మీది గూడు

ఆ పూట పిన్నిని లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి, ఎలా చెప్పాలో తెలియక టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "నిన్ను బయటే కూర్చోమన్నారు పిన్నీ" అన్నాడు. ఆవిడ ఎందుకని అడగలేదు. గేటు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుని, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పని మొదలయ్యే గంట మోగేదాకా అలాగే చూసింది. పదహారేళ్ళలో ఆ గంట ఆవిడకి బయటినుంచి వినబడడం అదే మొదలు.

ఆ మందుల గోడౌనులో అందరికీ ఆవిడ పిన్నే. కోపం లేని రోజున మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు. సూపర్‌వైజరుకైతే పని నేర్పింది కూడా ఆవిడే. పెట్టె ఎలా ఎత్తితే నడుం పట్టదో, చలిగదిలోకి వెళ్ళే ముందు చెవుల చుట్టూ మఫ్లరు ఎన్ని చుట్లు చుట్టాలో, ముక్కు కారితే ఏ జేబులో గుడ్డ పెట్టుకోవాలో దగ్గరుండి చూపించింది. నాలుగు నెలల కిందట తన శిష్యురాలు సూపర్‌వైజరు కుర్చీలో కూర్చున్నప్పుడు, ఆ కుర్చీ తనకే వచ్చినంత సంబరపడి, మర్నాటినుంచి "అమ్మాయ్" మానేసి "మేడం గారూ" అనడం మొదలుపెట్టింది. వద్దు పిన్నీ అంటే వినలేదు. కుర్చీకి మర్యాద ఇవ్వాలంది.

ఇప్పుడు ఆ మేడం గారు అద్దాల తలుపులోంచి, బల్ల మీద కూర్చున్న పిన్ని వీపు చూస్తూ నిలబడింది. వెనకనుంచి మేనేజరు పిలిచాడు.

"రిపోర్టు మీరే రాయాలి. ఎల్లుండి పై ఆఫీసునుంచి మనిషి వస్తున్నాడు. ఆయన చేతిలో కాగితం పెట్టాలి."

"ఏమని రాయమంటారు సార్?"

"జరిగిందే రాయండి. పది ఇరవైకి ఆ మందు ఆపేయమని కంపెనీ చెప్పింది. పది ఇరవైకే మనం కంప్యూటర్లో ఆపేశాం. పది యాభై రెండుకి ఈవిడ పద్నాలుగు పెట్టెలు స్కాన్ చేసి వ్యానెక్కించింది. బార్‌కోడు రీడరు ఎర్ర లైటు వేసి మొత్తుకునే ఉంటుంది. ఈవిడ పట్టించుకోలేదు. ఇంతేగా?"

"ఎర్ర కూత రాలేదంటోంది సార్ ఆవిడ."

"అనక ఏమంటుంది?" మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక మనిషికి కన్ను పోయిందండీ. డ్రాయింగు మాస్టారట. ఇంకో నలుగురు ఆస్పత్రిలోనే ఉన్నారు. ఎవరో ఒకరి పేరు రాయకపోతే మనందరి పేర్లూ రాస్తారు."

అవి కంటి చుక్కల మందు పెట్టెలు. ఆపరేషన్లయిన వాళ్ళ కళ్ళలో వేసేవి, చలిగదిలో దాచేవి. ఆ తయారీలో ఏదో పాడయిందని కంపెనీకి తెలిసి ఆపమన్న అరగంటకే పెట్టెలు గోడౌను దాటాయి. మర్నాడు పొద్దున్న నర్సులు ఆ చుక్కలు వేశారు.

సూపర్‌వైజరు తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. రాయడానికి ముందు ఆ రోజు పద్దు ఒకసారి తెర మీద తెరిచి చూసింది. పిన్ని పేరు, మందు పేరు, పెట్టె నంబరు, టైము. పద్నాలుగు వరసలు. మొదటిదాని టైము పది యాభై రెండు, తొమ్మిది సెకన్లు. రెండోదానిది పది యాభై రెండు, తొమ్మిది సెకన్లు. మూడోదానిదీ అదే. చివరిదానిదీ అదే.

ఆమె వేలితో వరసలు తడుముకుంటూ కిందికి వెళ్ళి, మళ్ళీ పైకొచ్చింది. పిన్ని ఒక్కో పెట్టెనీ అరలోంచి దించి, చీటీ తనవైపు తిప్పుకుని, రీడరు చూపించి, కూత విని, అప్పుడు కిటికీలోంచి వ్యాను మనిషికి అందిస్తుంది. ఎంత తొందరపడినా పెట్టెకి అర నిమిషం. పద్నాలుగు పెట్టెలు ఒక్క సెకనులో స్కాన్ చేయడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఆ గోడౌనులో రీడర్లని పిట్టలంటారు. బార్‌కోడు చూడగానే కిచ్‌మంటాయి కాబట్టి ఆ పేరు. సాయంత్రం వాటిని నిలబెట్టి చార్జింగు పెట్టే దాన్ని గూడంటారు. గూడంటే చార్జింగు పెట్టే చోటనే అందరి లెక్క. కానీ వాటిని బిగించడానికి వచ్చిన మెకానిక్కు అప్పట్లో ఒక మాట చెప్పాడు. టీ తాగుతూ, వినేవాళ్ళు దొరికారన్న హుషారులో చెప్పాడు. పిట్ట మాట్లాడేది గూటితోనే, గూడు కంప్యూటరుతో మాట్లాడుతుంది. గూటికి మరీ దూరమైతే, అడ్డంగా ఇనప గోడలుంటే, పిట్ట మాట గూటికి అందదు. "అందకపోయినా భయం లేదు మేడం. చూసినవన్నీ కడుపులో దాచుకుంటుంది. దగ్గరికి రాగానే అన్నీ ఒకేసారి కక్కేస్తుంది, పద్దులో ఆ కక్కిన టైమే పడుతుంది. ఒక్కటి కూడా పోదు" అని పిట్టని ముద్దుగా తట్టాడు. దూరంగా ఉన్నప్పుడు ఏ పెట్టె ఆపాలో పిట్టకి ఎవరు చెబుతారని అప్పుడెవరూ అడగలేదు. దానికి తెలియదు. తెలియదు కాబట్టి అన్నిటికీ మామూలు కిచ్చే అంటుంది.

చలిగది గోడౌను వెనక కొసన ఉంది. దానికి జానెడు మందం ఇనప గోడలు. అందుకే ఆ మెకానిక్కు గూటిని చలిగది తలుపుకి ఎదురుగా ఉన్న స్తంభానికి బిగించి వెళ్ళాడు.

ఆమె ఎడమ మోచేతికి ఏదో వెచ్చగా తగిలింది. చూడక్కర్లేదు, అది గూడే. నాలుగు నెలలుగా ఆమె బల్ల మీదే ఉంది.

తనే తెచ్చి పెట్టుకుంది. కుర్చీ వచ్చిన రెండో వారం. ఎవరు పడితే వాళ్ళు స్తంభం దగ్గరికెళ్ళి పిట్ట తీసుకుపోతున్నారు, అడిగే దిక్కు లేదు, ఇకమీదట నా కళ్ళ ముందే తీసుకుని నా కళ్ళ ముందే పెట్టాలి అని గట్టిగా చెప్పి, నాలుగు స్క్రూలు విప్పించి, తీగ చుట్ట చుట్టించి మోయించుకొచ్చింది. పొద్దున్నే మగవాళ్ళు కూడా వరసలో నిలబడి "మేడం, పిట్ట" అని చెయ్యి చాస్తుంటే బాగుండేది. అబద్ధమెందుకు, చాలా బాగుండేది.

రిపోర్టు కాగితం మీద తేదీ వేసి, ఆ పైన ఒక్క అక్షరం రాయలేకపోయింది.

మధ్యాహ్నం గంట కొట్టాక మంచినీళ్ళ సీసా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. పిన్ని డబ్బా మూత తీయలేదు. కుడి అరచేత్తో కుడి కన్ను మూసుకుని, రెండోదాంతో గేటు మెట్లవైపు చూస్తోంది.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"చూస్తున్నా మేడం గారూ, ఎలా ఉంటుందోనని. రెండు రోజులుగా ఇంట్లో కూడా ఇలాగే చేస్తున్నా, మా కోడలు తిడుతోంది." చెయ్యి తియ్యకుండానే అంది. "దూరం తెలీదు. ఈ మెట్టు ఇక్కడుందో అక్కడుందో తెలీదు. నిన్న గ్లాసులో నీళ్ళు పోయబోతే చాప మీద పోసుకున్నా. ఇంక ఆయన బొమ్మలెలా వేస్తాడు చెప్పండి?"

"నువ్వేం చేశావని? ఎందుకిలా..."

"నేనేం చెయ్యలేదు." పిన్ని చెయ్యి దించింది. రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. "అది మామూలుగానే కూసింది. నా మనవడి మీద ఒట్టు. ఎర్ర కూత కూస్తే తెలీకపోవడానికి నేనేమన్నా నిన్న వచ్చానా? ఉద్యోగం తీసేస్తారట, తియ్యనీండి. కానీ నా చేత్తో ఒకరి కన్ను పోయిందని రాస్తే ఎలా బతకాలమ్మాయ్?"

అమ్మాయ్ అన్న సంగతి ఆవిడ గమనించలేదు. సూపర్‌వైజరు గమనించింది. గొంతు దాకా వచ్చిన మాటని సీసాలోని నీళ్ళతో పాటు మింగేసి, "తినండి, ఎండకి కళ్ళు తిరుగుతాయి" అని లోపలికి వచ్చేసింది. పిన్నిని ఎన్నడూ మీరని పిలవలేదు. ఆ పూట ఎందుకో అలా వచ్చింది.

రాత్రి వంటయ్యాక భర్తతో చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడైనా తీగ తెగిందంటే ఎవరు తెంచారో తెలుసుకోకుండా అతికించి వచ్చే మనిషి. అంతా విని, కంచం ముందునుంచి లేవకుండానే అడిగాడు.

"గూడు కదిపావని ఎవరైనా అడిగారా?"

"లేదు."

"కదపకూడదని నీకెవరైనా కాగితం ఇచ్చారా?"

"కాగితం లేదు. కానీ మెకానిక్కు చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను."

"టీ తాగుతూ చెప్పిన మాట." అతను నీళ్ళు తాగాడు. "చూడు, పోయిన కన్ను ఎలాగూ రాదు. నువ్వు నోరు తెరిస్తే పిన్ని బయటపడుతుందేమో, నువ్వు మాత్రం ఖాయంగా మునుగుతావు. కేసంటారు, పోలీసులంటారు. ముందు ఆ గూడేదో యథాస్థానంలో పెట్టు. రేపు ఇంకో మందు ఆపితే ఇంకొకరి ప్రాణం మీదికొస్తుంది. అది చెయ్యి. మిగతాది తర్వాత చూద్దాం."

అది చెయ్యాలని ఆమెకీ అనిపించింది. అందులో తప్పేముంది? అతని సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి తన బ్యాగులో వేసుకుంది.

మర్నాడు గంట కంటే ముందే వెళ్ళింది. గోడౌనులో ఎవరూ లేరు. స్తంభం మీద గూడుండిన చోట రంగు వెలవకుండా పలక ఆకారంలో మిగిలి ఉంది, నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు. తీగ విప్పి గోడవెంట లాక్కెళ్ళి, గూటిని ఆ పలక మీద ఆనించి, ఒక్కో స్క్రూ బిగించింది. మూడోది వంకరపోతే తీసి మళ్ళీ పెట్టింది. తర్వాత ఒక పిట్టని పట్టుకుని చలిగదిలోకి వెళ్ళి, తలుపు మూసి, చేతికందిన పెట్టెని స్కాన్ చేసి, పరుగున బల్ల దగ్గరికొచ్చి తెర చూసింది. చేతి గడియారంలో ఎంతుందో తెరమీదా అంతే ఉంది. మాట అందుతోంది.

గుండెల మీద బరువు సగం దిగింది. ఇంకెవరి కన్నూ పోదు అనుకుంది. ఆ వెంటనే, ఇంక గూడు నా బల్ల మీద ఎందుకుందని కూడా ఎవరూ అడగరు అనుకుంది. ఈ రెండింట్లో ఏది ముందు అనుకుని ఇంత పొద్దున్నే వచ్చిందో ఆమెకే తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. పనివాళ్ళు వచ్చాక, పిట్టల్ని స్తంభం దగ్గరే తీసుకోమంది. వాళ్ళు తీసుకున్నారు. పెట్టమన్న చోట పెట్టడం, తియ్యమన్న చోట తియ్యడం వాళ్ళకి కొత్తేం కాదు.

ఆ రోజు రిపోర్టు రాసింది. "హెచ్చరిక ధ్వనిని గమనించలేదని తెలియవచ్చుచున్నది" అని రాసింది. తెలియవచ్చుచున్నది అంటే ఎవరికి తెలిసిందో రాయక్కర్లేదు.

పై ఆఫీసునుంచి వచ్చినాయన సన్నగా, మర్యాదగా ఉన్నాడు. సొంత పెన్ను తెచ్చుకున్నాడు. పిన్నిని పిలిపించి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. ఆయన రిపోర్టు మొత్తం నిదానంగా చదివి వినిపించి, "దీనికి మీరేమంటారమ్మా?" అని అడిగాడు.

"ఎర్ర కూత రాలేదు బాబూ."

"రాకపోవడానికి వీల్లేదు కదమ్మా. అప్పటికే అరగంట ముందు ఆపేశారు."

"ఎందుకు రాలేదో నాకు తెలీదు. నాకు చదువు లేదు. ఒక పని చెయ్యండి." పిన్ని మఫ్లరు కొస పట్టుకుని పిండుతోంది. ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చినట్టుంది. "ఆ మందు పెట్టెలు రెండు ఇంకా లోపలే ఉన్నాయి, ఎర్ర టేపు చుట్టి పక్కన పెట్టారు. నాకు నా పిట్టనివ్వండి. ఆ రోజు ఎక్కడ నిలబడ్డానో అక్కడే నిలబడి స్కాన్ చేస్తాను. మీరు నా పక్కనే నిలబడి వినండి. ఎర్ర కూత కూసిందా, మీరు రాసిందానికల్లా వేలిముద్ర వేస్తాను."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "న్యాయంగానే ఉంది. పదండి."

సూపర్‌వైజరు లేచి నిలబడింది. మేనేజరు "రండి" అంటే నడిచింది. అందరూ స్తంభం పక్కనుంచే వెళ్ళారు. పిన్ని గూట్లోంచి తన పిట్టని తీసుకుంది. ఆవిడ పిట్టకి పిడి దగ్గర చిన్న గుడ్డపీలిక కట్టి ఉంటుంది, గుర్తుకి. దాన్ని సర్దుకుని, అలవాటు ప్రకారం మఫ్లరు చెవుల మీదుగా రెండు చుట్లు చుట్టుకుంది. గూడు ఎక్కడుందన్నది ఆవిడకి పట్టలేదు. పట్టాల్సిన విషయమని ఆవిడకి చెప్పిందెవరు?

చలిగదిలో నలుగురి నోళ్ళనుంచీ పొగలొచ్చాయి. తలుపు మూసుకుంది. పిన్ని మూడో అర పక్కన, కిటికీకి ఎదురుగా, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. టేపు చుట్టిన పెట్టెని దించి, చీటీ తనవైపు తిప్పుకుని, పిట్టని చూపించింది.

కీఁ... కీఁ... కీఁ... అని పిట్ట మొత్తుకుంది. దాని నుదుటి మీద ఎర్ర లైటు వెలిగి, ఆ వెలుగు పిన్ని గడ్డం మీద పడింది.

పిన్ని పిట్టని తిప్పి చూసింది. రెండో పెట్టె దించి చూపించింది. మళ్ళీ మూడు కూతలు. మొదటిదాన్నే మళ్ళీ చూపించింది. మఫ్లరు మెడమీదికి లాక్కుని, చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి చూపించింది. ఆ ఇనప గదిలో ఆ కూత ఎవరో ఏడుస్తున్నట్టుంది.

"చాలమ్మా" అన్నాడు పై ఆఫీసాయన మెల్లిగా.

బయటికొచ్చాక పిన్ని స్తంభానికి ఆనుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. మేనేజరు మాత్రం రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చినవాడిలా, ఆవిడకి కుర్చీ తెమ్మని ఎవరికో కేకేశాడు. ఇప్పుడు దయ చూపించడానికి అతనికి అడ్డేమీ లేదు.

"ఏమో బాబూ," అంది పిన్ని. "కూసిందేమో. చెవులు కప్పుకుని ఉంటాను కదా. పదహారేళ్ళు ఆ చలిలో... వినబడలేదేమో. ఇన్నాళ్ళూ వినబడుతోందనే అనుకుంటున్నా. ముసలిదాన్నయిపోయినట్టున్నా, నాకే తెలీలేదు. మనవడి మీద ఒట్టు కూడా పెట్టాను."

"ఊరుకోమ్మా" అన్నాడాయన.

"ఆ మాస్టారిల్లు ఎక్కడో చెప్పండి బాబూ. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకోవాలి. తిడితే తిడతాడు, కొడితే కొడతాడు. నేనే చేశానని చెప్పుకోవాలి కదా."

ఆయన కాగితం తీసి, స్తంభం పక్కనున్న పెట్టె మీద పరిచాడు. పిన్ని వంగి చూసింది. ముఖం దూరంగా, దగ్గరగా పెట్టి అక్షరాలు చూసి, తలెత్తకుండానే అడిగింది.

"వేలెక్కడ వెయ్యాలి మేడం గారూ?"

సూపర్‌వైజరు చూపించబోయి చెయ్యి చాచింది. కాగితం కింది అంచున, ఖాళీగా ఉన్న చోట, ఆమె చూపుడు వేలు వాలింది. ఆ వేలు పక్కనే పిన్ని బొటనవేలు సిరా అంటించుకుని, ఎక్కడ దించమంటే అక్కడ దిగడానికి సిద్ధంగా గాల్లో ఆగి ఉంది. మూడు నాలుగు పగుళ్ళున్న వేలు. తనకి మఫ్లరు చుట్టడం నేర్పిన వేలు. అబద్ధం చెబుతున్నది మిషనైతే తప్పు దాని మీదికి నెట్టెయ్యొచ్చు. ఆ మిషను చేత అబద్ధం చెప్పించింది తనే, నిన్న పొద్దున్న, ఒక్కో స్క్రూ బిగించి మరీ.

ఆమె కాగితం లాగేసింది. సిరా చుక్క పెట్టె మీద పడింది.

"ఏంటండీ?" అన్నాడు మేనేజరు.

జవాబు చెబితే మధ్యలో ఆగిపోతానని భయం. బల్ల దగ్గరికెళ్ళి బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, గూట్లో ఉన్న పిట్టల్ని ఒక్కోటీ తీసి కింద పెట్టి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. రెండు ఊడాయి. మూడోది, నిన్న వంకరపోయింది, ఊడలేదు. పనివాళ్ళు పెట్టెలు దించి చూస్తున్నారు. మేనేజరు "మీకేమైనా మతిపోయిందా" అంటున్నాడు. పై ఆఫీసాయన చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఆమె రెండు చేతులతో లాగితే గూడు కాస్త సున్నంతో సహా ఊడొచ్చింది. తీగ ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి తన బల్ల మీద, మోచెయ్యి ఆనే చోట పెట్టి, తగిలించింది. దాని పచ్చ లైటు వెలిగేదాకా నిలబడి, తిరిగొచ్చింది.

"నాలుగు నెలలుగా ఇది అక్కడే ఉంది సార్. ఆ రోజు కూడా అక్కడే ఉంది. నేనే పెట్టించాను. నిన్న పొద్దున్న ఎవరూ చూడకుండా నేనే తెచ్చి ఇక్కడ బిగించాను." ఆమె పిన్ని వైపు చూడలేదు. "ఇప్పుడు స్కాన్ చెయ్యమనండి."

మళ్ళీ చలిగది. మళ్ళీ తలుపు మూసుకుంది. పిన్ని చేతుల్లోంచి పెట్టె జారబోతే పై ఆఫీసాయన పట్టుకున్నాడు. పిట్టని చూపించింది.

కిచ్.

రెండో పెట్టె. కిచ్.

మామూలు కూత, రోజూ వందలసార్లు వినేది. పిన్ని పిట్టని గుండెలకి ఆనించుకుని అక్కడే అరకి చేరగిలబడి ఏడ్చింది. చప్పుడు లేకుండా, నోరు తెరుచుకుని, పొగలు పొగలుగా ఏడ్చింది. "ఇదే బాబూ. ఇదే కూసింది. నాకు వినబడుతోంది. నాకు బాగానే వినబడుతోంది" అని ఎన్నిసార్లందో.

బయటికొచ్చి బల్ల మీది తెర చూస్తే ఆ రెండు పెట్టెలూ ఒకే సెకనులో వచ్చి పడి ఉన్నాయి. వాటి పైన, వారం కిందటి తేదీతో, పద్నాలుగు వరసలు. ఆయన చూసి, రిపోర్టు కాగితాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు సూపర్‌వైజరు ముందు పెట్టి, తన పెన్ను ఇచ్చాడు.

"మొదటినుంచీ రాయండి. ఎప్పుడు కదిపారు, ఎందుకు కదిపారు, మీకెప్పుడు తెలిసింది. పూర్తి పేరు రాయండి."

ఆమె కూర్చుని రాసింది. ఈలోగా ఆయన పురమాయిస్తే ఇద్దరు పనివాళ్ళు గూటిని మళ్ళీ స్తంభానికి కట్టారు. ఎందుకు కదిపారు అన్న దగ్గర చాలాసేపు ఆగింది. మేనేజరు కిటికీ దగ్గర వీపు తిప్పి ఫోను మాట్లాడుతున్నాడు. అతని నోట "మా సూపర్‌వైజరే" అన్న మాట రెండుసార్లు వినబడింది. రాయడం అయ్యాక సంతకం పెట్టి తలెత్తితే ఎదురుగా పిన్ని ఉంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొన్న పిన్నీ."

"మొన్న ఎప్పుడు?"

"పొద్దున్న."

పిన్ని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నట్టు చూసుకుంది. "మధ్యాహ్నం మీరు నీళ్ళు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చారు. నేను కన్ను మూసుకుని చూపించాను మీకు."

"అవును."

"అప్పటికే తెలుసు."

"తెలుసు పిన్నీ."

ఆవిడ ఇంకేమైనా అంటుందని ఎదురుచూసింది. తిట్టినా బాగుండుననిపించింది. పిన్ని బొటనవేలి మీద ఎండిపోయిన సిరాని కొంగుకి తుడుచుకుంది. అది పోలేదు. మఫ్లరు విప్పి, దులిపి, మళ్ళీ చెవుల మీదుగా శ్రద్ధగా చుట్టుకుంది. మధ్యాహ్నం వ్యానుకి వెళ్ళాల్సిన పెట్టెలు చలిగదిలో అలాగే ఉన్నాయి, మూడు రోజులుగా ఆ అరలు ఎవరూ సరిగ్గా చూడలేదు. పిట్టని చేతిలోకి తీసుకుంది. సూపర్‌వైజరు లేచి దారికి అడ్డంగా నిలబడి ఉంది, తనకి తెలియకుండానే.

"కాస్త తప్పుకోండి మేడం గారూ," అంది పిన్ని. "పని ఉంది."